సముద్రం దాటిన పెళ్ళి



మా బోరబండ సందుల్లో సాయంత్రం పనులయ్యాక గుమ్మాల్లో కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే అలవాటు ఇంకా పోలేదు. ఒకనాడు పక్కింటావిడను, "ఆపా, మీ ఆయన ఎప్పుడొస్తున్నారు?" అని అడిగాను. "సెలవు దొరికితే వస్తరంట" అంది నవ్వుతూ. ఆ మాట ఆవిడ మూడేళ్ళుగా చెబుతోంది. మీ ఇరుగుపొరుగున కూడా అలాంటి ఇల్లాలు ఒకరు ఉండే ఉంటారు. ఆ ఎదురుచూపుకీ ఒక చరిత్ర ఉంది. అదేమిటో ఇవాళ చెప్పుకుందాం.

హైదరాబాదుకు వలసలు కొత్త కావు. పందొమ్మిదో శతాబ్దంలో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు నిజాం సైన్యంలో కొలువుకు వచ్చారు. వాళ్ళ బ్యారక్‌ల పేరే నేటి బార్కాస్. ఒంటరిగా వచ్చిన మగవాళ్ళు చాలామంది ఇక్కడి ఆడపిల్లలను నికా చేసుకున్నారు. అప్పుడు ఊరు విడిచింది మగవాడు. పెళ్ళికూతురు మాత్రం తనవాళ్ళ మధ్యనే ఉంది. కష్టమొస్తే అడగడానికి తండ్రీ, అన్నదమ్ములూ దగ్గరలోనే ఉండేవారు.

1973లో చమురు ధరలు పెరిగి, గల్ఫ్ దేశాల్లో పనులు పుట్టుకొచ్చాక వలస దారి అటు తిరిగింది. మన మగవాళ్ళు సముద్రం దాటారు. సెలవు మీద వచ్చి, నికా చేసుకుని, పెళ్ళిసందడి తీరకముందే విమానం ఎక్కినవాళ్ళు ఎందరో. సెలవు దొరకని వరుడి తరఫున వకీలు సాక్షుల ఎదుట "ఖబూల్" అన్నా నికా చెల్లుతుంది. భార్యను తీసుకువెళ్ళాలంటే మాత్రం భర్త ఉద్యోగం, జీతం అక్కడి నిబంధనలకు సరిపోవాలి. వెళ్ళిన ఇల్లాలి నివాసపు అనుమతి కూడా మామూలుగా భర్త పేరుతోనే ముడిపడి ఉంటుంది. సౌదీ ప్రభుత్వం 2017 జూలైలో అక్కడున్న విదేశీయుల కుటుంబసభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టింది. ఏటా పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. ఆ భారం మోయలేక ఎందరో భార్యాపిల్లలను ఇంటికి పంపేశారు. మళ్ళీ ఎడబాటే!

మరి భర్త డబ్బు పంపడం మానేస్తే, అసలు జాడే తెలియకపోతే, భార్య ఎన్నాళ్ళని ఎదురుచూడాలి?

మన దేశంలో ఎక్కువమంది ముస్లిములు పాటించే హనఫీ సంప్రదాయంలో, జాడ తెలియని భర్త చనిపోయాడని అనుకోవడానికి ఆయన ఈడువాళ్ళంతా పోయేదాకా ఆగాలనేవారు. అప్పటికి ఆమె బ్రతుకూ గడిచిపోయినట్టే కదా! మాలికీ సంప్రదాయంలో నాలుగేళ్ళు చాలు. బ్రిటిషువారి కాలంలో వేరే దారి లేక, ముఖ్యంగా పంజాబులో, కొందరు స్త్రీలు వివాహబంధం తెంచుకోవడానికి మతాన్నే విడిచారు. ఇది చూసి కలతచెందిన మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ, ఈ విషయంలో మాలికీ పద్ధతిని తీసుకోవచ్చునని 1930లలో గ్రంథం రాశారు. ఆ ఆలోచనల ఫలితంగానే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నిజాం ఏలుబడిలో ఉండిన మన ప్రాంతానికి దాన్ని 1959 నాటి మరో చట్టంతో వర్తింపజేశారు.

ఈ చట్టం చెప్పే మూడు లెక్కలు గుర్తుంచుకోండి. భర్త రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా, సరైన కారణం లేకుండా మూడేళ్ళు కాపురపు బాధ్యతలు నెరవేర్చకపోయినా, నాలుగేళ్ళు జాడ తెలియకపోయినా భార్య కోర్టుకు వెళ్ళి వివాహం రద్దు కోరవచ్చు. జాడ తెలియని సందర్భంలో తీర్పు ఆరు నెలల తర్వాతే అమలవుతుంది. ఈలోగా ఆయన తిరిగొచ్చి కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే, తీర్పు రద్దవుతుంది.

ఇంకొక మాట. నికా అంటే ఒప్పందం. మెహర్‌లో వెంటనే ఇచ్చేది ఎంత, తర్వాత ఇచ్చేది ఎంత అన్నది రాయించుకోవచ్చు. భర్త ఇన్నాళ్ళు పట్టించుకోకపోతే విడిపోయే అధికారం భార్యకే ఉండాలన్న షరతు కూడా పెట్టుకోవచ్చు. పెళ్ళిహడావిడిలో చీరలు, నగలు, విందు అన్నీ చూసుకుంటాం. ఆ కాగితం మాత్రం చదవం!

ఇదంతా ఆపాకు చెప్పాను. "నాకు విడాకులు వద్దు చెల్లె, ఆయన వస్తే చాలు" అంది. నిజమే, చట్టం మనిషిని తీసుకురాలేదు. ఎదురుచూడాలా, వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదలడమే అది చేయగలిగింది. కాసేపాగి ఆవిడే లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి ఉర్దూలో ఉన్న తన నికానామా తెచ్చి కొడుకు చేత చదివించుకుంది. తన మెహర్ ఎంతో ఇరవై రెండేళ్ళ తర్వాత తెలిసింది. తర్వాత పెళ్ళీడుకొచ్చిన కూతుర్ని పిలిచి, "నీదైతే నువ్వే చదువుకొని దస్తఖత్ పెట్టాలె" అంది.

మీ ఇంట్లోనూ, మీకు తెలిసిన ఇళ్ళలోనూ ఈ మాట చెబుతారని ఆశిస్తూ, సెలవు.