హారన్‌కూ ప్రమాదానికీ మధ్య: సంసర్గ అభ్యసనం, నాడీకణ నిర్మాణం

ఖతార్‌లో దోహాకు దక్షిణాన ఉన్న బిర్కత్ అల్ అవామిర్ గోదాములు, లేబర్ క్యాంపులు ఉన్న ప్రాంతం. జగిత్యాల నుంచో కడప నుంచో ఇలాంటి గోదాముకు పనికి వెళ్లిన మనిషి చెవిన పడే మూడు చప్పుళ్లను విడదీసి చూద్దాం. ఫోర్‌క్లిఫ్ట్ రివర్స్‌లో వస్తున్నంతసేపూ బీప్ మోగుతుంది. అది మోగుతుండగానే బండి మీదికొస్తుంది. ర్యాకుల మలుపు దగ్గర డ్రైవరు ఒక్కసారి హారన్ కొట్టి వదిలేస్తాడు; కాస్త నిశ్శబ్దం తర్వాత బండి తేలుతుంది. అవతలి వరుసలో రోజంతా మోగే బీప్‌కు మాత్రం అతని దారితో సంబంధమే లేదు. ప్రయోగశాలలో మొదటిది జాప్య నిబంధనం, రెండోది జాడ నిబంధనం, మూడోది జత కుదరని ఉద్దీపన. అభ్యసనం నాడీకణాన్ని మారుస్తుందా అన్న ప్రశ్నకు కీలకమైన ఆధారం ఈ మూడింటి పోలికలోనే దొరికింది.

2003లో బెనెడెట్టా ల్యూనర్, జాక్వెలిన్ ఫల్డుటో, ట్రేసీ షోర్స్ ఎలుకలకు ఒక చప్పుడునూ, కనురెప్పకు తగిలే చిన్న షాక్‌నూ జతచేసి నేర్పారు. 24 గంటల తర్వాత గోల్గీ రంజనంతో చూస్తే, జ్ఞాపకంతో ముడిపడిన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలోని సీఏ1 కణాల డెండ్రైట్ల (శాఖల) మీద స్పైన్లు, అంటే నాడీకణాల మధ్య సంధులైన సైనాప్స్‌లు కుదిరే చిన్న మొలకలు, ఎక్కువగా కనిపించాయి. అవే చప్పుళ్లు, అవే షాకులు జత కుదరకుండా అందిన ఎలుకల్లో ఆ పెరుగుదల లేదు. ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మందుతో అడ్డుకున్నా లేదు. కాబట్టి గుర్తు మిగిల్చింది అనుభవం కాదు, జత. వింత ఏమిటంటే, జాడ నిబంధనంలోనే కాదు, హిప్పోక్యాంపస్ అవసరం లేని జాప్య నిబంధనంలోనూ అక్కడ స్పైన్లు పెరిగాయి. ఈ ఫలితం మీద రావలసినంత చర్చ రాలేదని నా అభిప్రాయం. కణం మారినంత మాత్రాన ఆ జ్ఞాపకం అక్కడే ఉందని అనలేం.

స్పైన్లు పెరిగితే సైనాప్స్‌లూ పెరిగినట్టేనా? కుందేళ్ల మీద గైనిస్మన్ బృందం జరిపిన పరిశోధనలో మొత్తం సంఖ్య మారలేదు. ఒకే ఆక్సాన్ బుడిపె పలు సైనాప్స్‌లు కలుపుకున్న చోట్లు పెరిగాయి. పైగా గోల్గీ రంజనం చనిపోయిన కణజాలపు ఒక్క క్షణాన్నే చూపుతుంది. పుట్టిన స్పైను ఏదో, రాలకుండా నిలిచినది ఏదో అందులో తేలదు.

బతికున్న చిట్టెలుకల మెదడును రెండు ఫోటాన్ల సూక్ష్మదర్శినితో పదేపదే చూసిన లై, ఫ్రాంకే, గాన్‌ల 2012 నాటి పని ఈ చిక్కును కొంత విప్పింది. చప్పుడుకు భయపడడం నేర్చుకున్నప్పుడు ఫ్రంటల్ అసోసియేషన్ కార్టెక్స్‌లో స్పైన్లు తగ్గాయి! షాక్ లేకుండా చప్పుడు మాత్రమే పదేపదే వినిపించి భయం పోగొడితే, రాలిపోయిన వాటికి సుమారు 2 మైక్రాన్ల దూరంలోనే కొత్తవి మొలిచాయి. మళ్లీ భయం నేర్పితే అవీ పోయాయి. నేర్చుకుంటే మెదడులో కొమ్మలు పెరుగుతాయన్న ప్రచారం దీని ముందు నిలవదు.

బెంగళూరు పరిశోధకులు అజయ్ వ్యాస్, రూప్‌శీ మిత్ర, శంకరనారాయణరావు, సుమంత్ర చటర్జీ 2002లో మరో కోణం చూపారు. ఒత్తిడికి గురిచేయడానికి పది రోజులు రోజూ కదలకుండా బంధించిన ఎలుకల్లో హిప్పోక్యాంపస్ సీఏ3 డెండ్రైట్లు కుదించుకుపోగా, భయంతో ముడిపడిన అమిగ్డాలాలోని డెండ్రైట్లు విస్తరించాయి. అంటే జత కుదరకముందే, ఆ జత పడే కణం ఆకారం మారి ఉండవచ్చు. అప్పు చేసి గల్ఫ్‌కు వెళ్లి, మొదటి నెలల్లోనే మలుపు హారన్ నేర్చుకునే మనిషికి ఇది వర్తిస్తుందా అని అడగాలనిపిస్తుంది. కానీ బతికున్న మనిషి మెదడులో స్పైన్లను ఒక్కొక్కటిగా చూసే సాధనం లేదు. పెట్ స్కాన్ సైనాప్స్‌ల సాంద్రతను పరోక్షంగా అంచనా వేస్తుందంతే.