కబురు ఆలస్యము: మన్యపు దారి నుండి కంప్యూటరు అంచు వరకు

నర్సీపట్నము మన్యమునకు ముఖద్వారము. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసి ఆయుధములను తీసికొనెను. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లకును అదే గతి పట్టెను. ఒకచోటి కబురు అంది, మఱొకచోట తగిన రక్షణ యేర్పడులోపలనే దళము అక్కడ నుండెనని ఈ మూడు తేదీలను బట్టి తోచును. కబురు ఆలస్యమైనచో ఎంత మార్పు కలుగునో దీనివలన ఊహింపవచ్చును.

నేడు మన కబుర్లు గాజుతంత్రిలో కాంతి రూపమున పోవుచున్నవి. "కాంతికి కూడా ఆలస్యం ఎందుకవుతుంది మాస్టారూ?" అని తరగతిలో ఒక విద్యార్థి నన్నడిగెను. లెక్క వేసి చూతము. కాంతి శూన్యములో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. గాజులో సుమారు 2 లక్షలే. అనగా మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. కంప్యూటరు 2,000 కిలోమీటర్ల తంత్రి కావల నున్నచో, ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు 20 మిల్లీసెకన్లు తప్పవు. 100 కిలోమీటర్లలో నున్నచో ఒక్కటి చాలును. దారిలోని కూడళ్లలో వరుసలో వేచియుండు కాలము దీనికి అదనము.

మఱొక ఆలస్యము కంప్యూటరు లోపలనే కలదు. ఒకే యంత్రమును పెక్కు యంత్రములవలె వాడుకొను ఉపాయమును ఐ.బి.ఎం. సంస్థవారు 1960ల నాటికే పరీక్షించి, 1972లో వీఎం/370 పేర వెలువరించిరి. ఇట్టి 'వర్చువల్' యంత్రము అద్దె యింటిలో ఒక వాటా వంటిది. వచ్చిన ప్రతి ఉత్తరమును ఇంటి యజమాని తీసికొని, చూచి, తగిన వాటాకు అందించవలెను. అందులకు కాలము పట్టును. 2007లో వెలువడిన ఎస్‌ఆర్-ఐఓవీ అను ప్రమాణము ఒక్కొక్క వాటాకు వేఱు తలుపు పెట్టినట్లు చేసెను: నెట్‌వర్కు కార్డే పెక్కు కార్డులవలె కనిపించి, ఉత్తరమును సూటిగా అందించును.

దూరమును తగ్గించుటయు సాగెను. 1998లో అమెరికాలో స్థాపితమైన అకమాయ్ సంస్థ, వెబ్ పుటల నకళ్లను చదువరులకు దగ్గరగా నుంచెను. 2009లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మహదేవ్ సత్యనారాయణన్, మఱి ముగ్గురు కలిసి, నకళ్లనే కాక గణనమునే దగ్గరకు తేవలెననిరి. సమీపమున నుండు చిన్న కంప్యూటరులో వర్చువల్ యంత్రము నడుపు ఆ పద్ధతికి 'క్లౌడ్‌లెట్' అని పేరు. నేటి ఎడ్జ్ కంప్యూటింగునకు, అనగా అంచున జరుగు గణనమునకు, అది ఒక మూలము.

మన రాష్ట్రములో ఫైబర్‌నెట్టు పథకము కరెంటు స్తంభముల మీదుగా తంత్రిని లాగినది. 2017 డిసెంబరులో దానిని రాష్ట్రపతి ప్రారంభించిరి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నములో 1,500 కోట్ల డాలర్ల కేంద్రమును ప్రకటించెను. అయినను కేంద్రము దగ్గర నుండుట మాత్రమే చాలదు. మనకు కావలసిన పని అక్కడ జరుగవలెను. తంత్రి కొండపల్లెల బడి వఱకు చేరవలెను. లేనిచో నర్సీపట్నము పిల్లవానికి విశాఖయు దూరదేశమే.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక ప్రయోగము చేయింపవచ్చును. కంప్యూటరులో 'పింగ్' ఆజ్ఞ నిచ్చి, జవాబు వచ్చిన కాలమును వ్రాసికొనుడు. మిల్లీసెకన్లను 100తో హెచ్చింపుడు. 8 వచ్చినచో, ఆ జవాబిచ్చిన యంత్రము 800 కిలోమీటర్లకు మించి దూరమున లేదని తెలియును. అంతకంటె ఎంత దగ్గర నున్నదో మాత్రము ఈ లెక్క చెప్పదు. దారిలో వేచిన కాలము కూడ అందులో కలిసియుండును గదా!