నీటి క్రింది విజయపురి: ఒక రాతిపనివాని పేరు

పలనాటిసీమలో కృష్ణానది కుడియొడ్డున అనుపు అను తావు గలదు. నాగార్జునసాగర జలాశయము నొడ్డు బట్టి నడచుటకు పుష్యమాసము మిక్కిలి అనుకూలమైన కాలము. ఎండ తీక్షణముగా నుండదు; మంచు విచ్చినపిదప నీటినడుమ నాగార్జునకొండ దీవివలె గానవచ్చును. ఈ హేమంతమున మేము కొందరము ఆ దారిని నడచి వచ్చితిమి. ఈ సంచికకు వ్యాసము గోరిన సోదరులకు ఆ నడకవలన మాకు గలిగిన తలపులను సమర్పించుచున్నాము.

చూపరులకు దీవి యని తోచునది నిజమునకు కొండకొన. మూడుప్రక్కల నల్లమల గుట్టలును, పడమట కృష్ణయు హద్దులుగా దాని చుట్టును విశాలమైన లోయ యుండెడిది. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకురాజుల రాజధానియైన విజయపురి యచ్చటనే వెలసెను. 1926లో ఈ తావు పండితలోకమునకు దెలిసెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ దొరయు, 1938 మొదలు 1940 వరకు రామచంద్రన్ గారును త్రవ్వించిరి. తరువాత ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 నుండి 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున త్వరత్వరగా త్రవ్వకములు సాగెను. 1967 ఆగష్టు 4వ తేదీని కాలువలకు నీరు విడిచిరి. తొమ్మిది కట్టడములను ఱాయి ఱాయిగా విప్పి కొండమీద మరల నిలిపిరి. మరికొన్నింటికి ప్రతికృతులను కొండమీదను, అనుపునందును నిర్మించిరి. అనుపులో మెట్లుగల రంగస్థలమును జూచినవారికి ఆ నగరవాసుల వినోదప్రీతి యిట్టిదని తెలియును.

రాజుల కథ పుస్తకములలో నున్నది. మహాచైత్యమును వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున ఆతని మేనత్తయైన చాంతిసిరి కట్టించినదనియు నందరెరుగుదురు. మా మనస్సు నిలిచినది మరియొక శాసనముపైన. అది నహరాళ్లబోడు అను దిబ్బమీది చైత్యగృహపు నేలబండలపై ప్రాకృతభాషలో చెక్కబడినది. అదే రాజు 14వ యేట బోధిసిరి యను ఉపాసిక దానిని వ్రాయించెను. ఆమె రాణి కాదు, గృహస్థురాలు. సింహళదేశపు భిక్షువులకై చైత్యగృహము గట్టించి, ఒకచోట బోధివృక్షమునకు ప్రాసాదము, ఒకచోట మంటపము, ఒకచోట చెరువు, ఇట్లు తన ధర్మకార్యములన్నియు నెన్నుచు, తన బంధువులకందరకు పుణ్యములో పాలు పంచినది. కట్టడపు పర్యవేక్షకులైన మువ్వురు స్థవిరుల పేర్లును జెప్పినది. అంతటితో నాగక, చిట్టచివర నీ పని శిలావర్ధకియైన విధికునిది యని చెక్కించినది.

శిలావర్ధకి యనగా రాతిపని చేయు వడ్రంగి. ఇంతటి నగరమున ఉలి పట్టినవా రెందరో యుందురు. వారిలో నీ యొక్కని పేరు దాత పేరుతో గూడ నొకే శాసనమున నిలిచినది.

చేతిపని వంశక్రమాగతముగా గల మన సంఘమువారు విధికుడు మనవాడేయని చెప్పుకొన నుత్సహింతురని మేమెరుగుదుము. అట్టి వ్యాసములు సంచికలలో తరచుగా వచ్చుచునే యున్నవి. శాసనము వాని వృత్తిని జెప్పినదేకాని కులమును జెప్పలేదు. లేని మాటను శాసనముచేత జెప్పింపరాదు. వాని పనివలన వానికి గౌరవము గలిగినదనుటకు మాత్రము శాసనమే సాక్షి. మనకు గర్వకారణము గావలసినదియు నదియే. వంశవృక్షము లేనంతమాత్రమున విధికుడు మనకు బరాయివాడు గాడు. త్రవ్వకములలో నొక స్వర్ణకారుని యింటి శిథిలముగూడ బయల్పడెను. అందు మూసయు, ఒరగల్లును, నగల మట్టియచ్చులును దొరకినవి. ఆ యింటివాని పేరు మాత్రము దెలియదు.

ఒడ్డున నిలుచున్నప్పుడు మరియొక సంగతి మాకు దోచెను. ఈ లోయలో విజయపురితోడనే జనవాసము ముగియలేదు. పుల్లారెడ్డిగూడెమను పల్లె యిచ్చటనే యుండెడిది. లాంగ్‌హర్‌స్ట్ దొర వ్రాతలలో దాని పేరు గలదు. పదునేడు శతాబ్దములు మట్టిలోనున్న యిటుకలను భద్రముగా కొండ కెక్కించిరి, అది మంచిపనియే. ఆ పల్లెల యిండ్ల నెవరును విప్పి కొండమీద పేర్చలేదు. అరుగు, బావి, కొలిమి యున్నచోట లిప్పుడు జలగర్భమున నున్నవి. సాగరపు నీటివలన ఎన్నియో మెట్టపొలములు మాగాణులైనవి, దాని మేలును మేము కాదనము. ఐనను పొలము వదలి పోయినవారి పేర్లు చెక్కిన బండ మాకు ఆ యొడ్డున నెచ్చటను గానరాలేదు.

బోధిసిరి చేసినపని మన సంఘమున కసాధ్యము గాదు. దానికి ఱాయియు నక్కరలేదు. నీరు నిండక మునుపు ఆ లోయను జూచినవారు, లేక తలిదండ్రులవలన వినినవారు, ఈ మహాసభకు విచ్చేసినచో సభామంటపమున వ్రాతగాండ్ర బల్లయొద్దకు దయచేయ బ్రార్థన. ఊరిపేరు, ఇంటిపేరు, చేసిన వృత్తి, పిదప జేరిన తావు, ఈ నాలుగును వ్రాయుట కచ్చట నొక పుస్తకము తెరచి యుంచబడినది.