ఆరంబాక్కం పిల్లల డౌట్లు

ఆరంబాక్కంలో ఉత్తరం వైపు రైలెక్కితే తర్వాతి స్టేషన్ తడ, అంటే ఆంధ్రా. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాలూ హద్దులు సర్దుకున్నప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు ఆంధ్రకు పోయింది. మా ఊరు మద్రాసు వైపే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006 తమిళనాడు చట్టంతో తమిళం తప్పనిసరి మొదటి భాషయింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో మెట్టెక్కి 2015-16కి పదో తరగతికి చేరింది.

నేను లెక్కలు చెప్పిన తరగతిలో తెలుగు, తమిళ పిల్లలతో పాటు గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీలకు వచ్చిన ఒడియా, హిందీ కుటుంబాల పిల్లలూ ఉండేవాళ్లు. అర్థమైందా అంటే అందరూ తలూపేవాళ్లే. డౌట్‌ను మనసులో తమిళంలోకి కుదుర్చుకునేలోపు బెల్లు కొట్టేసేది.

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూతపడ్డాయి. అంతకు ముందేడు మొదలైన ప్రభుత్వ విద్యా చానల్ కల్వి టీవీలో పాఠాలొచ్చేవి గానీ టీవీని ఎదురు ప్రశ్న అడగలేం కదా. వాట్సాప్ గ్రూపు పెట్టాం. తెలుగు రాయడం రాని తెలుగు పిల్లలు మొదట ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టారు, తర్వాత వాయిస్ మెసేజ్‌లకు దిగారు. క్లాసులో నోరెత్తని ఒకమ్మాయి అడిగింది: "సార్, కింద నంబర్లు వేరేగా ఉంటే ఎట్లా కూడేది?"

"మూడులో ఒకటి, నాలుగులో ఒకటి. రెంటికీ కింద 12 పెట్టుకో. పైన 4, 3 వస్తాయి. కూడితే పన్నెండులో ఏడు" అని తెలుగులోనే చెప్పి, కింది నంబరును తమిళంలో 'పగుది' అంటారనీ చేర్చాను, పరీక్ష పేపర్లో అదే వస్తుంది గనక. ఒడియా పిల్లవాడు మాటల్లేకుండా నోట్‌బుక్ ఫొటో పంపేవాడు. తప్పిన మెట్టుకు ఎర్ర సున్నా చుట్టి తిప్పి పంపేవాణ్ని.

ఫోను నాన్నతో డ్యూటీకి పోయేది కాబట్టి డౌట్లన్నీ రాత్రి తొమ్మిది తర్వాతే. నైట్ షిఫ్ట్ వారమైతే ఆ ఇంటి నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఫోనే లేని ఇళ్లకు జిరాక్స్ కాగితాలు పంపాం, అవి డౌట్ తీర్చలేవు. 2021 అక్టోబరులో ఇళ్ల దగ్గరికే చదువు తెచ్చే ప్రభుత్వ పథకం 'ఇల్లం తేడి కల్వి' వచ్చాక వీధి వాలంటీర్లు కొంత ఆదుకున్నారు.

బళ్లు తెరిచాక గ్రూపులో సెలవు కబుర్లే మిగిలాయి. పాఠం, పరీక్ష తమిళంలోనే ఉండనీ. డౌట్ మాత్రం ఏ భాషలో పుడితే ఆ భాషలోనే అడగనివ్వాలి. దానికి చట్టమూ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. పీరియడ్ చివర్లో ఐదు నిమిషాలు వదిలితే చాలు.