మబ్బుని చూసి ముంత ఒలకబోసుకోవడం

"ఇంకా హార్డ్ డిస్కులెందుకండీ, అంతా క్లౌడే కదా" అని ఎవరైనా అంటే నాకు పైన చెప్పిన సామెతే గుర్తొస్తుంది.

ఆన్‌లైన్లో దాచుకోవడం కొత్తేం కాదు. 1999లోనే ఎక్స్‌డ్రైవ్ అని ఒకటొచ్చింది. 2005లో ఏఓఎల్ దాన్ని కొనుక్కుని, 2009 జనవరిలో మూసేసింది. దాచుకున్నవాళ్ళు ఎవరి మూటలు వాళ్ళు సర్దుకోవాల్సొచ్చింది.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ ఉచితంగా ఇస్తానంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. మరి అప్పటికి హాట్‌మెయిల్ ఇస్తున్నది 2 ఎంబీనే! ఆ తర్వాత, 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 మొదలైంది. జీబీకి నెలకి 15 సెంట్లు. అంటే 40 జీబీ ఫోటోలకి 6 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 270 రూపాయలు. మరీ ఎక్కువేం కాదు. చిక్కల్లా అక్కడిదాకా చేర్చడంలోనే ఉంది. మన 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. ఆ వేగం ఒక్క క్షణం కూడా తగ్గదనుకున్నా (ఆశ!) 40 జీబీ ఎక్కడానికి పద్నాలుగు రోజుల పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోకూడదు మరి.

లైన్లు బాగుపడ్డాక "అన్‌లిమిటెడ్" మోజు మొదలైంది. నన్నడిగితే ఇది ఫుల్ మీల్స్ హోటలు లెక్క. అందరూ మామూలుగా తింటేనే గిట్టుబాటు. మైక్రోసాఫ్ట్ 2014 అక్టోబరులో ఆఫీస్ 365 చందాదారులకి వన్‌డ్రైవ్‌లో ఎంతైనా పెట్టుకోమంది. ఏడాది తిరిగేసరికి, కొందరు 75 టీబీకి పైగా, అంటే సగటుకి 14,000 రెట్లు నింపేశారని చెప్పి 1 టీబీకి కుదించింది. అమెజాన్ 2015లో ఏడాదికి 60 డాలర్లకి అన్‌లిమిటెడ్ అంది, 2017లో ఎత్తేసింది. గూగుల్ ఫోటోస్ ఉచితం కూడా 2015లో మొదలై 2021 జూన్ 1తో సరి. పాత ఫోటోల జోలికి రాలేదు, అంతవరకు నయం.

అన్నట్టు, ఎస్3 ధర 2016 చివరికి 2.3 సెంట్లకి దిగింది. ఎక్కించడం 2011 నుంచే ఉచితం. దించుకోవడానికి మాత్రం, నెలకి మొదటి 100 జీబీ దాటాక, జీబీకి 9 సెంట్లు. ఇంట్లో డిస్కు పోయి 1 టీబీ ఒకేసారి వెనక్కి తెచ్చుకోవాలంటే 80 డాలర్ల పైమాటే. నెల అద్దె 23 డాలర్లని చూసి చేరినవాళ్ళలో ఈ లెక్క వేసుకున్నవాళ్ళెందరో!

నేనైతే క్లౌడ్‌లో ఒక కాపీ, బీరువాలో ఒక డిస్కు ఉంచుకుంటున్నాను.