విశాఖ ఇంటి పంచాంగం
(ఇల్లు, పెరడు, పింఛను: పెద్దల నాటి జాగ్రత్తలు, నేటి అవసరాలు)

సర్కారు ఉద్యోగం చేసిన వాళ్లకు ఏడాదికి రెండు సంవత్సరాదులు. ఒకటి ఉగాది, రెండోది ఏప్రిల్ ఒకటో తారీకు. విశాఖపట్నంలో సొంత ఇల్లున్న వాళ్లకు మూడోది కూడా ఉంది. అది దసరాకు అటూ ఇటూగా, బంగాళాఖాతంలో తుపానులు పుట్టే రోజుల్లో వస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం, హుద్‌హుద్ మన ఊరి మీదనే తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతాన్ని చిందరవందర చేసింది. ఐదేళ్ల వ్యవధిలో మూడు పెద్ద తుపానులు, మూడూ చిత్త కార్తె ముంగిట్లోనే. ఆ తరువాత స్వాతి, దాని వెనుక మన ఊరి పేరే గల విశాఖ కార్తె. మూడూ గాలివానల కార్తెలే.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. వాళ్లకు రేడియో హెచ్చరికలు లేవు, ఉపగ్రహాలు లేవు. అందుచేత ఇంటి పనులన్నీ కార్తెను బట్టి ముందుగానే చేసుకునేవారు. మనకిప్పుడు తుపాను నాలుగైదు రోజుల ముందే తెలుస్తోంది. ఆ ధైర్యంతో ఏటేటా చేసుకోవలసిన పనులు మానేశాము. హెచ్చరిక పెరిగింది, సిద్ధపాటు తగ్గింది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా భార్యాభర్తలిద్దరే మిగిలిన ఇళ్లు మన సభ్యులవి చాలా ఉన్నాయి. నాలుగు రోజుల హెచ్చరికలో డెబ్బై ఏళ్ల మనిషి డాబా ఎక్కి తూములు శుభ్రం చేయలేడు, పనివాడు దొరకడు. కనుక పాత అలవాటు మనకే ఎక్కువ అవసరం.

హెచ్చరికల చరిత్ర

వాతావరణాన్ని శాస్త్రీయంగా గమనించడంలో మన ఊరు వెనుకబడింది కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో ఇక్కడి డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పారు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని కొనసాగించి, ఆకాశంతోపాటు వాతావరణాన్ని కూడా పరిశీలించారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కొయ్య నుంచి రోజూ నిర్ణీత సమయానికి సంకేతమిచ్చి ఓడలకు కాలం తెలిపే ఏర్పాటు కూడా ఆ కుటుంబం చలవే.

తీరానికి మాత్రం దెబ్బలు తప్పలేదు. 1839 నవంబరులో కోరంగి రేవు ఉప్పెనకు తుడిచిపెట్టుకుపోయింది. 1864 నవంబరు 1న బందరులో సుమారు ముప్పై వేల మంది మరణించారు. దేశానికొక వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. మన పోర్టులోకి 1933 అక్టోబరు 7న మొదటి ఓడ 'జలదుర్గ' ప్రవేశించింది. అలల తాకిడికి అడ్డుగా రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ పక్కన ముంచి, వాటినే గోడగా వాడుకున్నారు. ఈ సముద్రాన్ని నమ్మి రేవు కట్టిన వాళ్లు కూడా ముందు అడ్డుగోడ చూసుకునే కట్టారు.

పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు మనం పత్రికల్లో చూస్తూనే ఉంటాము. అర్థం తెలిసిన వాళ్లు తక్కువ. ఒకటి, రెండు అంటే వాయుగుండం దూరంగా సముద్రంలో ఉందని. మూడు, నాలుగు అంటే రేవుకే గాలి బెడద రావచ్చునని. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదం. ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాదం. అందులో పదవది తుపాను రేవు మీదుగా గాని, అతి సమీపంగా గాని దాటుతుందని చెప్పేది. పదకొండవది వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయనే సంకేతం. హుద్‌హుద్‌కు మన పోర్టులో పదవ నంబరు ఎగిరింది. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచి పనిచేస్తోంది. అయినా 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలు పోయాయి. చెప్పడం, విన్నవారికి చేరడం, చేరినవారు లేచి కదలడం మూడు వేరు వేరు పనులని ఆ రోజు తేలింది.

తాటాకు నుంచి స్లాబు దాకా

పాత పట్నంలో, చుట్టుపక్కల పాలేల్లో ఒకనాడు తాటాకిళ్లే ఎక్కువ. రోహిణి ఎండలు తగ్గేలోగా, మృగశిర చినుకులు పడకముందే పాత ఆకు తీసి కొత్త ఆకుతో ఇల్లు నేయించేవారు. కలిగినవారి పెంకుటిళ్లకూ అదే గడువు. పగిలిన పెంకులు మార్చి, జారినవి సర్ది, వాసాలకు చెద ఉందేమో తట్టి చూసేవారు. ఇది ఖర్చు కిందకు వచ్చేది కాదు. బియ్యం, చింతపండు, ఆవకాయలాగే ఏటి లెక్కలో ఒక పద్దు.

తరువాత ఊరు మారింది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ఆ కర్మాగారం జాతికి అంకితమైంది. 1978లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, మనందరి నోళ్లలో 'వుడా', లేఅవుట్లు వేసింది. ఉద్యోగులు గృహనిర్మాణ అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని స్లాబు వేసుకున్నారు. స్లాబు పడగానే ఇక ఈ ఇంటికి కప్పు బెంగ లేదనుకున్నారు. అక్కడే పొరపాటు జరిగింది.

ఉక్కు తయారుచేసే ఊళ్లో ఇంటికి బలహీనమైనది ఉక్కు చువ్వే. సముద్రపు గాలిలోని ఉప్పు, సిమెంటు పగుళ్లగుండా దిగి చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి పైనున్న సిమెంటును నెట్టేస్తుంది. మనం 'పెచ్చులూడుతున్నాయి' అనేది దీన్నే. దాని మీద సిమెంటు పూసి సున్నం కొట్టిస్తే లోపల రోగం అలాగే ఉంటుంది. ఊగులాడే పెచ్చు పూర్తిగా రాల్చి, చువ్వ మెరిసేదాకా తుప్పు గీకి, తుప్పు పట్టకుండా మందు పూసి, ఆ తరువాతే పూత వేయించాలి. చేతికర్రతో స్లాబు అడుగున తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పని ఉన్నట్లు లెక్క. ముఖ్యంగా సన్‌షేడ్లు, బాల్కనీల అడుగులు చూడాలి. ఈ పనికీ, రంగులకూ సంక్రాంతి నుంచి ఉగాది వరకు పొడి వాతావరణం అనుకూలం.

వానలకు ముందు డాబా మీది ఆకులు ఊడిపించి, తూములు, నీటి గొట్టాలు పారేటట్లు చూడాలి. దసరా లోపల రేకుల షెడ్డు బోల్టులు బిగించాలి. తలుపు గడియలు, కిటికీ అద్దాల బందోబస్తు చూసుకోవాలి. హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్లకు చేరినప్పుడు డాబాల మీది ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకులు ఎగిరి పక్కిళ్ల మీద పడ్డాయి. తుపాను ముందు ట్యాంకు నిండుగా నింపితే అది కదలదు, తరువాత తాగునీటికీ వాడుకకూ పనికి వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. తుపాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎండ కూడా కాయవచ్చు. అయిపోయిందనుకుని జనం వీధిలోకి వస్తారు. కొద్దిసేపటికే గాలి ఎదుటి దిక్కు నుంచి అంతే బలంతో విరుచుకుపడుతుంది. అప్పటికే వదులైన చెట్టు, గోడ పడేది ఆ రెండో గాలికే. అధికారులు చెప్పేవరకు గడప దాటవద్దు.

పెరడు

హుద్‌హుద్‌కు ముందు విశాఖ వీధులు పచ్చని గొడుగుల్లా ఉండేవి. ఒక్క పూటలో కైలాసగిరి కొండ మోడువారింది. నీడ కోసం త్వరగా పెరిగే తురాయి, పచ్చతురాయి, సుబాబుల్ వంటివి కార్లమీదా కరెంటు తీగల మీదా ఒరిగిపోయాయి. వేప, కొబ్బరి వాటికంటే బాగా నిలదొక్కుకున్నాయి. పాత ఇళ్ల పెరళ్లలో కొబ్బరి, వేప, కరివేప ఎక్కువగా ఎందుకుండేవో అప్పుడు అర్థమయింది. మునగ చెట్టు మాత్రం ఎంతటి ప్రియమైనదైనా గోడకు దూరంగా ఉండాలి. మనుషుల్ని ఎక్కించడానికే గాని గాలికి నిలవడానికి పనికిరాదు.

తుపానుల కాలం రాకముందే, భాద్రపదం వెళ్లేలోగా, ఇంటిమీదికి వాలిన కొమ్మలు కొట్టించాలి. కొబ్బరి చెట్టున ఎండుమట్టలు, ముదురు కాయలు దింపించాలి. గాలిలో కొబ్బరికాయ ఫిరంగి గుండుతో సమానం. తీగల పక్కనున్న కొమ్మలను మనం ముట్టుకోకుండా విద్యుత్తు సిబ్బందికి చెప్పాలి. చెట్టు మొదలు చుట్టూ గచ్చు చేయించవద్దు. వేరు పాకే చోటు లేని చెట్టే ముందు పడుతుంది.

కూర పాదుల సంగతి మన ఇల్లాళ్లకు నేను చెప్పవలసింది లేదు. తొలకరికి బీర, సొర, ఆనక చిక్కుడు పెట్టడం వాళ్లకు తెలిసిన విద్య. ఒక్కటే మనవి: చిక్కుడు పందిరి నడుమెత్తుకు మించకుండా వేయించండి. గాలికి ఆగుతుంది, కోయడానికి ముక్కాలిపీట ఎక్కే పని ఉండదు. మన వయసులో పీట మీంచి పడటం తుపానుకంటే ప్రమాదం.

డబ్బు, కాగితాలు

ఏప్రిల్ నుంచి మార్చి దాకా సర్కారు లెక్కల ఏడాది మన దేశంలో 1867 నుంచి వస్తున్నది. తపాలా పొదుపు బ్యాంకు 1882లో మొదలయింది. గుమాస్తా కుటుంబాల తొలి బ్యాంకు అదే. వృద్ధుల పొదుపు పథకం 2004లో వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి అందులో ముప్పై లక్షల దాకా దాచుకోవచ్చు. వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి మొదట్లో వస్తుంది. అక్టోబరు వడ్డీని ఇంటి జాగ్రత్తలకు ప్రత్యేకించమని నా సలహా. తుపాను కాలం, ఆ వడ్డీ కలిసే వస్తాయి.

ఇక బీమా. జీవిత బీమా మనందరికీ ఉండేది, జీతంలో కోసేవారు గనుక. ఇంటికి బీమా చేయించినవారు అరుదు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని నియమం వచ్చింది. తుపాను, వరద, భూకంపం, అగ్ని ప్రమాదం ఇందులో ఉన్నాయి. లెక్క కట్టవలసింది తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చును. స్థలం విలువ కలపనక్కరలేదు. కనుక ప్రీమియం మనం భయపడినంత ఉండదు. ఏడాదికోసారి గదులను, డాబాను ఫోటోలు తీయించి పిల్లలకు పంపి ఉంచండి. నష్టం జరిగాక అవే సాక్ష్యం.

హుద్‌హుద్ తరువాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. పాలకూ, నీళ్లకూ, పెట్రోలుకూ బారులు తీరాము. బ్యాంకులో లక్షలున్నవారికి కూడా చేతిలో వంద నోటు ఉంటేనే పాల ప్యాకెట్టు. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో వారం రోజుల ఖర్చుకు చిన్న నోట్లు, నెలకు సరిపడా బి.పి., షుగరు మందులు ఇంట్లో ఉంచాలి. దస్తావేజు, పి.పి.ఒ., బీమా పాలసీ, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, కింద నేలమీది ట్రంకు పెట్టెలో కాకుండా ఎత్తయిన అలమరలో పెట్టండి. దస్తావేజు తడిసిపోయినా రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు దొరుకుతుంది. నంబరు, సంవత్సరం వేరే చోట రాసి ఉంచితే ఆ పని తేలిక.

పింఛను హక్కు చరిత్ర కూడా ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పింఛను సర్కారు దయ కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తీర్పు చెప్పింది. ఆ రోజే మనకు పింఛనుదారుల దినం. అంత పోరాడి తెచ్చుకున్న హక్కు ఒక సంతకం మరిస్తే నెలపాటు ఆగిపోతుంది. కేంద్ర పింఛనుదారులు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఎనభై దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. మన రాష్ట్ర పింఛనుదారులకు జనవరి, ఫిబ్రవరి నెలలు. 2014 నవంబరులో వచ్చిన డిజిటల్ 'జీవన్ ప్రమాణ్' వల్ల ఇంటి నుంచే పని జరుగుతుంది. కుటుంబ పింఛనుకు మీ శ్రీమతి పేరు, పుట్టిన తేదీ పి.పి.ఒ.లో సరిగా ఉన్నాయేమో ఈ ఏడే చూసుకోండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఆ పత్రమూ పూర్తి చేయండి.

ఏటి పనుల పట్టిక

జనవరి - మార్చి: స్లాబు పెచ్చుల మరమ్మతు, రంగులు, రాష్ట్ర పింఛనుదారుల వార్షిక ధ్రువీకరణ.
ఏప్రిల్ - మే: ఇంటి పన్ను ఏడాదికీ ఒకేసారి ఏప్రిల్‌లో కడితే రాయితీ ఇస్తూ వస్తున్నారు, విచారించండి, బ్యాంకుకు ఇవ్వవలసిన పన్ను డిక్లరేషన్, నీటి తొట్టెల శుభ్రత.
జూన్ - జూలై: డాబా తూములు, కూర పాదులు, ఆదాయపు పన్ను రిటర్ను.
ఆగస్టు - సెప్టెంబరు: కొమ్మలు, కొబ్బరి మట్టలు, రేకుల బోల్టులు, బీమా పునరుద్ధరణ.
అక్టోబరు - నవంబరు: చేతిలో నగదు, మందులు, టార్చి, కాగితాల మూట, కేంద్ర పింఛనుదారుల జీవన ప్రమాణం.
డిసెంబరు: ఏడాది లెక్క చూసుకోవడం, నామినీల సవరణ.

ఈ పట్టికను వంటింటి గోడకు, క్యాలెండరు పక్కన అంటించుకుంటే చాలు. ఒంటరిగా ఉంటున్న సభ్యుల ఇళ్లకు ప్రతి సెప్టెంబరులో పక్క వీధి సభ్యులు ఇద్దరు వెళ్లి, డాబా తూములూ మందుల డబ్బా చూసివచ్చే ఏర్పాటు మన సంఘం చేయగలిగితే మరీ మంచిది. నలభై ఏళ్లు ప్రజల ఫైళ్లు గడువులోగా పైకి పంపినవాళ్లం. మన ఇంటి ఫైలును చిత్త కార్తె లోపల పరిష్కరించుకోలేమా?