హార్లెములోని వృద్ధుల గృహము

హాలెండు దేశమందు హార్లెము అను పట్టణము గలదు. మన సంఘస్థులలో కొందరు ఆ పేరు వినియే యుందురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున యూదులను తమ యింట దాచి, అందు నిమిత్తము చెరసాల పాలైన కోరీ టెన్ బూమ్ అను సహోదరి ఆ ఊరిదే. గడియారములు బాగుచేయు ఆమె తండ్రి 1944లో 84 ఏండ్ల వయస్సున చెరలో ప్రాణము విడిచెను. అది వేరొక కథ. నేను చెప్పబూనినది అదే పట్టణమందు ఆయన కాలమునకు మూడు వందల యేండ్లకు పైగా ముందు కట్టబడిన ఒక ఇంటిని గురించి. దిక్కులేని ముసలి మగవారి నిమిత్తము దానిని కట్టిరి. ఏ రాజును దానిని కట్టలేదు. ఏ ధనవంతుడును తన ఆస్తి వ్రాసి దానిని స్థాపింపలేదు. ఊరి జనులు వేసిన చిల్లర డబ్బులతో అది లేచెను. అంతకంటె కష్టమైన సంగతి ఏమనగా, అది రెండు వందల యేండ్లు నడిచెను. ఇల్లు కట్టుట యొక సంవత్సరపు ఉత్సాహము. అందులో నున్న ముసలివారికి ప్రతి దినము రొట్టె పెట్టుట వేరు పని.

ఆ ఊరు సుఖముగా నున్న ఊరు కాదు. 1572 డిసెంబరు మాసమున స్పెయిన్ రాజు సైన్యము హార్లెమును ముట్టడించెను. ఏడు నెలలు ప్రాకారముల వెనుక ప్రజలు నిలిచిరి. చివరకు తినుటకేమియు లేక 1573 జూలైలో లొంగిపోయిరి. ఊరిని కాపాడిన సైనికులు అనేకులు చంపబడిరి. మూడేండ్లు గడిచినవో లేదో, 1576లో గొప్ప అగ్ని పుట్టి వీధులకు వీధులు కాలిపోయెను. కాలిపోయిన ఆ ఊరికే మరల పరదేశులు వచ్చి చేరిరి. 1585లో ఆంట్వెర్పు పట్టణము స్పెయిన్‌వారి వశమైనప్పుడు, ప్రొటెస్టెంటు విశ్వాసము విడువనొల్లని నేతగాండ్రు, బట్టల వర్తకులు వేలకొలది ఉత్తరమునకు పారిపోయి వచ్చిరి. అనేకులకు హార్లెము ఆశ్రయమిచ్చెను. సన్ననార బట్ట నేయుట, నేసిన బట్టను చలువ చేసి పచ్చిక మీద పరచి తెల్లబరచుట, ఈ పనులతో ఊరు మరల నిలదొక్కుకొనెను. 1622 నాటికి అందలి జనసంఖ్య దాదాపు 40 వేలు.

మనకు ఆ దేశమువారు బొత్తిగా క్రొత్తవారు కారు. 1606 ప్రాంతముననే వారి వర్తకులు మచిలీపట్నమున కొట్లు పెట్టి మన నేతగాండ్ర బట్టలు కొని ఓడలకెక్కించుచుండిరి. నరసాపురమున వలంధర రేవు అను పేరు ఆ వలందావారిని బట్టియే వచ్చినదందురు. మన తీరమున మగ్గములు వారి కొరకు ఆడుచున్న ఆ దినములలోనే, వారి దేశమందు మగ్గముల నడుమ ఈ గృహము పుట్టెను.

నేతపని ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. కన్ను మసకబారినప్పుడు, చేయి వణకినప్పుడు నేతగాని బ్రదుకు ఆగిపోవును. కుమారులు లేనివాడు, లేక ముట్టడిలోను పారిపోవుటలోను కుటుంబమును పోగొట్టుకొనినవాడు ఏ గుమ్మము ఎక్కవలెను? పూర్వము మఠముల గుమ్మములుండెను. అచ్చట ఏదో కొంత దొరకుచుండెను. సంస్కరణ వచ్చిన తరువాత మఠములు మూతబడెను. బోధ సరియైనదే కావచ్చును గాని, బోధ సరియైనంత మాత్రమున గుమ్మము ముందు కూర్చున్న ముసలివాని కడుపు నిండదు. సంస్కరించుకొనిన సంఘమునకు ఇది పెద్ద పరీక్షయని నా అభిప్రాయము. తీసివేసిన దాని స్థానమున ఏమి పెట్టుదురు?

స్త్రీల విషయమై హార్లెములో ముందునుండియు కొంత ఏర్పాటుండెను. ఒక పెరటి చుట్టు చిన్న చిన్న ఇండ్లు కట్టి, ఒక్కొక్క ఇంట ఒక్కొక్క వృద్ధురాలిని ఉంచెడివారు. అందులో మిక్కిలి పాతది 1395లో స్థాపింపబడినది. పదుమూడు మంది స్త్రీలకు అందు చోటుండెను. నేటికిని అట్టి పెరటి ఇండ్లు ఆ ఊరిలో ఇరువదికి పైగా కలవు. అందు చాలవరకు స్త్రీలకొరకు ఏర్పడినవే. ఇందుకు ఒక కారణము చెప్పుదురు. ముసలి స్త్రీకి తలదాచుకొను గది యుండినచో చాలును. వండుకొనును, ఊడ్చుకొనును, బట్టలు ఉదుకుకొనును. భార్య పోయిన ముసలి పురుషునికి గది యిచ్చినంత మాత్రమున చాలదు. పొయ్యి రాజవేయుట అతనికి తెలియదు. మన గ్రామములలో చూడుడి. అత్తగారు ఒంటరియైనప్పుడు కోడలి చేతిలో పని యందుకొని ఇంటిలో నిలుచును. మామగారు ఒంటరియైనప్పుడు అరుగు మీదికి వచ్చును. గనుక ముసలి మగవారికి గదితో పాటు గంజియు, గంజితో పాటు దానిని కాచు మనిషియు కావలెను. దానికి ఖర్చు ఎక్కువ.

ఆ ఖర్చు కొరకు 1606లో హార్లెము ఏర్పరచిన ఉపాయము ఒక లాటరీ. ఈ మాట వినగానే మన పెద్దలు మొగము చిట్లింతురు. చిట్లింపవలసినదే. ఆ దేశపు బోధకులును అనేకులు లాటరీలను మెచ్చుకొనలేదు. దాని వెంట నడిచిన నాటకములను అసలే మెచ్చుకొనలేదు. ఏలయనగా ఊరిలోని కవుల సమాజము ఇతర పట్టణముల సమాజములను పిలిచి, ఊరేగింపులతోను నాటకములతోను పండుగ చేసి, బీదల యెడల కనికరమును గూర్చి ప్రదర్శనములిచ్చి, చీట్లు అమ్మించెను. ఆ కాలపు లాటరీలలో రెండు బుట్టలు పెట్టెడివారు. ఒకదానిలో కొనినవారి పేర్ల చీట్లు, రెండవదానిలో బహుమానముల చీట్లు. బహుమానముల బుట్టలో చాలవరకు ఉత్త కాగితములే. రెండిటినుండి ఒక్కొక్క చీటి తీసి బిగ్గరగా చదువుదురు. చీట్లు అసంఖ్యాకములు గనుక తీయుట రాత్రింబగళ్లు వారముల తరబడి సాగెడిది. కొనినవారు తమ పేరుకు బదులు చిన్న పద్యమో హాస్యపు మాటయో వ్రాసియిచ్చుటయు కలదు. జనులు వినుటకు గుంపులు గూడుదురు.

నేను ఆ పద్ధతిని సమర్థింపను. వెండి గిన్నె దొరకునని ఆశపెట్టి తీసికొనిన డబ్బు కానుక కాదు. అయినను ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆ చీట్లు కొనినవారు అందరు ధనవంతులు కారు. దాసీలు కొనిరి, పనివారు కొనిరి. ఒక్క గొప్పవాని సంచినుండి వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టినయెడల అది ఆ గొప్పవాని ఇల్లగును. ఇది అట్లు కాలేదు.

ఇల్లు 1609లో సిద్ధమాయెను. కట్టించిన శిల్పి లీవెన్ దె కే అనువాడు. ఆయనయు గెంటు పట్టణమునుండి విశ్వాసము నిమిత్తము వచ్చిన పరదేశియే. నడుమ పెరడు, చుట్టు ముప్పది చిన్న ఇండ్లు, ఇంటికి ఇద్దరు చొప్పున అరువది మంది. పైవిచారణకు అయిదుగురు పెద్దలు. చేరుటకు నిబంధనలు ఇవి. అరువది ఏండ్లు నిండవలెను. హార్లెము నివాసియై మంచి పేరు గలవాడై యుండవలెను. భార్య లేనివాడై యుండవలెను. వచ్చునప్పుడు తన సామాను తానే తెచ్చుకొనవలెను. ఒక పడక, మెత్త గల కుర్చీ ఒకటి, తగరపు మూత్రపాత్ర ఒకటి, మూడు కంబళ్లు, మంచి చొక్కాలు ఆరు, రాత్రివేళ తలకు పెట్టుకొను టోపీలు ఆరు.

ఈ జాబితా మొదట చూచినప్పుడు నాకు నవ్వు వచ్చెను. బీదవానిని చేర్చుకొనుచు ఆరు చొక్కాలు తెమ్మనుట ఏమి ధర్మము? తరువాత ఆలోచింపగా వేరుగా తోచెను. తన కుర్చీతో, తన కంబళ్లతో వచ్చినవాడు బిచ్చగాడుగా రాలేదు, కాపురమునకు వచ్చెను. రాత్రి లేచి తడుముకొనినచో చేతికి తగులునది తన పాత్రయే. మన వృద్ధులలో ఒకరిని కుమారుని ఇంటినుండి కుమార్తె ఇంటికి, అచ్చటినుండి మరల ఇచ్చటికి తిప్పునప్పుడు, వారి నులకమంచము, చెంబు వారితో పోవునా? చాలవరకు పోవు. ఒక చేతిసంచి పోవును. మంచము మనుమని పుస్తకములకు పనికివచ్చును.

అయినను ఆ గృహమును పరలోకముగా వర్ణింపను. వేసవిలో ఎనిమిది గంటలకు, చలికాలమున ఏడు గంటలకు తలుపులు మూసి తాళము వేసెడివారు. అరువది ఏండ్లు స్వతంత్రముగా తిరిగినవానిని చీకటి పడగానే లోపలబెట్టి తాళము వేసినచో అతనికి ఎట్లుండునో ఎవరును అడిగినట్లు లేదు. ఒక్క చిన్న ఇంట ఇద్దరు ముసలివారు సమాధానముగా నుండుట ఎంత కష్టమో, ఒక్క అరుగు మీద ఇద్దరిని చూచినవారికి తెలియును.

ఇక పెట్టె సంగతి. లాటరీ సొమ్ముతో గోడలు లేచెను గాని గోడలు అన్నము పెట్టవు. ప్రతి వారము లాటరీ వేయుటకు వీలులేదు. అందుచేత ఆ గృహములోని వృద్ధులే వారమునకొకసారి పెట్టె పట్టుకొని చందా వసూలు చేయవలెనని నియమమేర్పడెను. ముసలివాడు వచ్చి నిలుచును. వర్తకుడో, నేతగాడో, రొట్టెలు కాల్చువాడో పెట్టెలో నాణెము వేయును. మరుసటి వారము మరల వచ్చును. ఊరు ఉత్సాహముగా నున్న సంవత్సరములలోను, తెగుళ్లు వచ్చి వర్తకము పడిపోయిన సంవత్సరములలోను పెట్టెతో ఎవడో యొకడు రావలసినదే.

ఈ నియమమును గూర్చి నాకు రెండు మనస్సులున్నవి. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయములో యెరూషలేము సంఘమందు విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోపము కలిగినప్పుడు, ఆ పని చూచుటకు ఏడుగురు పురుషులను ఏర్పరచిరి గాని, విధవరాండ్రను పెట్టెలిచ్చి వీధులకు పంపలేదు. కాళ్లు ఈడ్చుకొనుచు పోవు వృద్ధుడు తన అన్నము కొరకు తానే అడుగుట సంఘమునకు సిగ్గు. పడుచువారు ఎచ్చట నుండిరి?

కాని రెండవ వైపు కూడ ఉన్నది. పెట్టె మోయు వృద్ధుని చూచిన ఊరు అతనిని మరువజాలదు. నిరుడు తన కొట్టులో పని చేసినవాడే నేడు పెట్టెతో నిలువబడియున్నాడు. మన సంఘములలో పిడికెడు బియ్యము అను మంచి ఆచారము కలదు. తల్లులు ఎసట్లో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరుగా నుంచి, ఆదివారమున సంచితో గుడికి తెత్తురు. కూలికి పోవు స్త్రీ కూడ దీనిని మానదు. హార్లెము పెట్టెకంటె ఇది మేలైనదే, ఏలయనగా ఇందులో ఎవనికిని గుమ్మమున నిలుచు అవమానము లేదు. అయితే ఆ బియ్యము పోగుపడి, తూకము వేయబడి, అమ్మబడి, లెక్కలో చేరిన తరువాత దానిలో సంఘపు ముసలివారి పాలు ఎంత? గుడి సున్నమునకు ఎంత, దీపములకు ఎంత, పండుగ పందిరికి ఎంత అను లెక్క పెద్దలు చెప్పగలరు. గుడి వెనుక పాకలో ఒంటరిగా పండుకొను తాతకు ఎంత పోయినదో ఆ లెక్కలో వెదకి చూడుడి. పెట్టె అతని చేతిలోనే యున్నచో ఆ ప్రశ్న పుట్టకపోవునేమో.

ఈ గృహము పేరు లోకమునకు తెలిసినది ఒక చిత్రకారుని వలన. ఫ్రాన్స్ హాల్స్ అనువాడు ఆంట్వెర్పున పుట్టి, బాల్యముననే తలిదండ్రులతో హార్లెము చేరిన పరదేశి. 1664 ప్రాంతమున, తనకు ఎనుబది ఏండ్లు దాటిన తరువాత, ఈ గృహపు పెద్దల పటమొకటి, పెద్దరాండ్ర పటమొకటి వ్రాసెను. నల్లని వస్త్రములు, తెల్లని మెడపట్టీలు, అలసిన మొగములు. ఆయన ఆ గృహములో బీదవాడుగా చేరి, తనను సరిగా చూడని పెద్దలమీద పగతో వారిని వికారముగా చిత్రించెనని ఒక కథ చాలకాలము చెప్పుకొనిరి. అది నిజము కాదు. ఆయన అందులో ఎన్నడును చేరలేదు. బీదవాడగుట మాత్రము నిజమే. పట్టణ సభకు మనవి చేసికొనగా 1662లో ఏటికి 150 గిల్డర్లును, 1664లో దానిని పెంచి 200 గిల్డర్లును ఇచ్చిరి. చలికి కాచుకొనుటకు మూడు బండ్ల ఎండుగడ్డలు కూడ ఇచ్చిరి. అవి చిత్తడి నేలనుండి త్రవ్వి, ఎండబెట్టి, కట్టెలకు బదులు కాల్చుకొనునవి. 1666లో ఆయన మరణించెను. ఊరి పెద్ద దేవాలయములో పాతిపెట్టిరి.

ఆయన భార్య ఇంకను బ్రదికియుండెను. 1675లో ఆమె పట్టణపు సహాయము కోరవలసి వచ్చెను. వారమునకు 14 స్టైవర్లు ఇచ్చిరి. ఇరువది స్టైవర్లు ఒక గిల్డరు. గనుక ఏటికి 36 గిల్డర్లకు కొంచెము పైగా. ముసలి చిత్రకారునికి రెండు వందలు, ముసలి విధవరాలికి ముప్పదియారు. లెక్క చూచినవారెవరైనను ఆనాడు ఈ తేడాను గూర్చి మాటలాడిరో లేదో.

1810లో ఆ భవనము తల్లిదండ్రులు లేని పిల్లలకు గృహమాయెను. ముసలివారిని వేరొక చోటికి మార్చిరి. 1913లో పట్టణమువారు దానిని చిత్రశాలగా మార్చి హాల్స్ వ్రాసిన పటములను అందు పెట్టిరి. తమ గృహపు పెద్దల పటములు ఆ విధముగా మరల ఆ ఇంటికే చేరెను. వృద్ధుల చిన్న ఇండ్లు గదులుగా కలిసిపోయినవి. పెట్టె పట్టుకొనియున్న ఒక ముసలివాని ప్రతిమను మాత్రము గుమ్మము లోపలి గదిలోనే ఉంచిరి.